నిద్ర నేర్పు పాఠములు

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అనునది తెలుగువారి సామెత. పగలెల్ల పొలమున శ్రమించిన రైతు గట్టుమీద తుండుగుడ్డ పరచుకొని తల వాల్చినంతనే నిద్రించును. పట్టుపరుపు మీద పరుండిన ధనికునకు ఒక్కొక్కప్పుడు తెల్లవారువరకు కన్ను మూతపడదు. నిద్ర ధనముచే లభించునది కాదు. అది ఆజ్ఞకు లోబడునదియు కాదు. దానిని పట్టుదలతో పిలిచినకొలది అది దూరమగును. లక్ష్మణుడు వనవాసమున పదునాలుగేండ్లు నిద్రను విడిచెననియు, ఆ నిద్రనెల్ల అంతఃపురమున ఊర్మిళ తానే అనుభవించెననియు తెలుగు స్త్రీలు పాటలుగా పాడుకొందురు. కథలో ఒకరి నిద్రను మరియొకరు తీసికొనవచ్చును. లోకమున అది సాధ్యము కాదు. ఎవరి నిద్రను వారే నిద్రింపవలెను. అయినను నిద్రపట్టనివారికి నిద్రించు విధానమును నేర్పవచ్చునని ఇరువదవ శతాబ్దపు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ పాఠములను నేడు కంప్యూటరును సెల్‌ఫోనును కూడ నేర్పుచున్నవి.

ఒకటి రెండు రాత్రులు నిద్ర పట్టకపోవుట వ్యాధి కాదు. పరీక్షకు ముందటి రాత్రియు, ఇంట పెండ్లి జరుగు రాత్రియు ఎవరికైనను నిద్ర చెడును. నిద్రించుటకు తగిన అవకాశమున్నను, వారమునకు కనీసము మూడు రాత్రులు నిద్ర చెడుచు, ఆ స్థితి మూడు మాసములవరకు సాగి, పగటి పనులకు అడ్డు వచ్చినచో వైద్యులు దానిని నిద్రలేమి వ్యాధి యందురు. కొందరికి పరుండిన పిమ్మట గంటలకొలది నిద్ర రాదు. కొందరికి నడిరేయి మెలకువ వచ్చి మరల కన్ను మూతపడదు. మరికొందరు కోడి కూయుటకు ముందే లేచి కూర్చుందురు. ఇట్టివారికి పగలు తల బరువుగా నుండును. చదివినది గుర్తుండదు. చిన్న మాటకే కోపము వచ్చును. ఆటపాటలయందు ఉత్సాహము నశించును.

నిద్ర వచ్చుటకు రెండు శక్తులు కలిసి పనిచేయవలెను. ఈ విషయమును 1982వ సంవత్సరమున స్విట్జర్లాండు దేశమందలి జ్యూరిచ్ నగరమున అలెగ్జాండర్ బోర్బెలీ అను శాస్త్రజ్ఞుడు స్పష్టముగా వివరించెను. మొదటిది నిద్రాకాంక్ష. మేలుకొనియున్నంతసేపు మెదడునందు అడెనోసిన్ అను పదార్థము పెరుగుచుండును. అది పెరిగినకొలది నిద్ర ముంచుకొని వచ్చును. నిద్రించినకొలది అది తరుగును. కాఫీ, టీలయందలి కెఫీన్ ఆ అడెనోసిన్ పనికి అడ్డుపడును. కనుకనే సాయంకాలము పొద్దుపోయి త్రాగిన కాఫీ రాత్రి నిద్రను చెరచును. రెండవ శక్తి దేహమునందలి గడియారము. రెండు కన్నులనుండి వచ్చు నరములు కలిసికొను చోటికి పైగా మెదడునందు రెండు చిన్న కణసముదాయములు కలవు. కంటిలో పడు వెలుతురును బట్టి అవి రేయింబవళ్ళను సరిచూచుకొనుచుండును. చీకటి పడిన పిమ్మట పీనియల్ గ్రంథి మెలటోనిన్ అను రసమును విడుచును. రాత్రి వచ్చినదని అది దేహమునకు తెలుపును. ఒక ప్రక్క నిద్రాకాంక్ష పెరిగి, మరియొక ప్రక్క గడియారము రాత్రివేళను సూచించినప్పుడు నిద్ర తనంతట తానే వచ్చును.

పండ్రెండు పదమూడేండ్లు దాటిన పిల్లలలో ఈ గడియారము కొంత ఆలస్యముగా నడచును. అమెరికా దేశమున స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునందు 1976వ సంవత్సరము మొదలుకొని మేరీ కార్స్కాడన్ అను శాస్త్రజ్ఞురాలు వేసవి సెలవులలో బాలబాలికలను ఒకచోట చేర్చి, ఏటేట వారి నిద్రను పరిశీలించెను. వయస్సు పెరిగినకొలది పిల్లలకు నిద్ర అవసరము తగ్గునని అంతకుముందు పెద్దలు తలచుచుండిరి. కాని తగినంత సమయమిచ్చినప్పుడు ఎదిగిన పిల్లలును చిన్నవారివలెనే ఇంచుమించు తొమ్మిది గంటలు నిద్రించిరి. నిద్ర అవసరము తగ్గలేదు. నిద్ర వచ్చు వేళ మాత్రము వెనుకకు జరిగినది. పదుమూడు మొదలు పదునెనిమిదేండ్ల వయస్సువారికి దినమునకు 8 నుండి 10 గంటల నిద్ర కావలెనని అమెరికా నిద్రావైద్యుల సంఘము 2016వ సంవత్సరమున ప్రకటించెను. ఈడు వచ్చుచున్న పిల్లలు రాత్రి త్వరగా నిద్రింపలేకపోవుట, ఉదయము త్వరగా లేవలేకపోవుట కేవలము సోమరితనము కాదు. అందు దేహధర్మము కొంత కలదు. దీనిని గుర్తించియే కాలిఫోర్నియా రాష్ట్రమున 2022వ సంవత్సరము జులై మొదలుకొని, కొన్ని పల్లెప్రాంతములు తప్ప, ఉన్నత పాఠశాలలు ఉదయము 8-30 గంటలకు ముందు తెరువరాదను చట్టము అమలులోనికి వచ్చినది.

ఇంతవరకు చెప్పినది సహజస్థితి. దానినుండి వ్యాధి పుట్టు విధము వేరు. ఒక విద్యార్థికి పరీక్షల దిగులుచే వారము దినములు నిద్ర చెడెననుకొనుడు. పోయిన నిద్రను పూరించుకొనవలెనని అతడు రాత్రి తొమ్మిదింటికే పడక చేరును. నిద్ర రాదు. దొరలుచు, గడియారము చూచుచు, రేపటి పాఠమును తలచి భయపడుచుండును. సెలవు దినమున ఎండ యెక్కువరకు పరుండును. మధ్యాహ్నము మరియొక గంట కునుకు తీయును. ఇందువలన నిద్రాకాంక్ష రాత్రికి మిగులదు. గడియారమును తప్పుదారి పట్టును. పరీక్షలు ముగియును, దిగులు పోవును, కాని నిద్రలేమి మిగిలిపోవును. వ్యాధిని ఆరంభించిన కారణము ఒకటి, దానిని నిలిపియుంచిన కారణము మరియొకటి. నిలిపియుంచు కారణములు ఎక్కువగా అలవాట్లే. అలవాటును మాన్పుటకు పాఠము కావలెను.

ఈ పాఠములలో ఒకదానిని 1972వ సంవత్సరమున అమెరికాయందలి నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమున రిచర్డ్ బూట్జిన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. దాని మూలము రష్యా దేశపు ఇవాన్ పావ్లోవ్ చేసిన పరిశోధనలలో నున్నది. ఆహారము పెట్టునప్పుడెల్ల ఒక ధ్వని వినిపించుచు వచ్చినచో, కొన్నాళ్ళకు ఆ ధ్వని విన్నంతనే కుక్క నోట నీరూరునని పావ్లోవ్ చూపెను. మనుష్యునకు పడకయు అట్టి సంకేతమే. పడక చేరినప్పుడెల్ల నిద్ర వచ్చుచున్నచో పడక నిద్రకు గుర్తగును. పడకమీద చదువు, తిండి, సెల్‌ఫోను, దిగులు అన్నియు సాగినచో అది మెలకువకే గుర్తగును. కావున బూట్జిన్ కొన్ని నియమములు చెప్పెను. నిద్ర ముంచుకొని వచ్చినప్పుడే పరుండవలెను. పడకను నిద్రకు తప్ప మరి దేనికిని వాడరాదు. కొంతసేపటికి నిద్ర పట్టనిచో లేచి మరియొక చోట కూర్చుండి, నిద్ర వచ్చినప్పుడే తిరిగి రావలెను. రాత్రి ఎట్లు గడచినను ఉదయము ఒకే వేళకు లేవవలెను. పగలు నిద్రింపరాదు.

రెండవ పాఠమును 1987వ సంవత్సరమున న్యూయార్కు నగరమందలి ఆర్థర్ స్పీల్మన్‌యు, ఆయన సహచరులును ప్రకటించిరి. ఇది చిన్న లెక్క. ఒకడు రాత్రి పదింటికి పరుండి ఉదయము ఏడింటికి లేచుచున్నాడు. పడకమీద గడపినది 9 గంటలు. నిజముగా నిద్రించినది 6 గంటలు. ఆరును తొమ్మిదిచే భాగించినచో నూటికి 67 వంతులే నిద్ర. తక్కిన మూడవ భాగము దొరలుట. ఇప్పుడు అతనిని పడకమీద ఆరున్నర గంటలు మాత్రమే యుండనిత్తురు. అందులో ఆరు గంటలు నిద్రించినచో నూటికి 92 వంతులు నిద్రయగును. ముక్కలైన నిద్ర ఒక్కటిగా గట్టిపడును. ఆ పిమ్మట వారము వారము పావుగంట చొప్పున పడక సమయమును పెంచుచు పోవుదురు. మొదటి దినములలో పగలు మిక్కిలి కునుకు వచ్చును. కనుక ఈ పాఠమును పిల్లలు తమంతట తాము చేయరాదు. తెలిసినవారి పర్యవేక్షణలోనే జరుపవలెను. మూర్ఛవ్యాధి కలవారికిని, కొన్ని తీవ్రమైన మనోవ్యాధులు కలవారికిని ఇది హాని చేయవచ్చును.

మూడవది తలపులకు సంబంధించిన పాఠము. ఈ రాత్రి నిద్ర పట్టనిచో రేపు పరీక్ష తప్పుట నిశ్చయమను తలపే నిద్రను తరుమును. ఫిలడెల్ఫియా నగరమున ఆరన్ బెక్ అను వైద్యుడు 1960 తరువాతి సంవత్సరములలో, బాధ కలిగించు తలపును పట్టుకొని అది ఎంతవరకు నిజమో పరిశీలించుటను రోగులకు నేర్పెను. అదే పద్ధతిని నిద్రలేమికిని అన్వయించిరి. ఒక్క రాత్రి నిద్ర చెడినంతనే చదివినదెల్ల పోవునా యని తర్కించి చూచుకొనవలెను. సాయంకాలమున కొంతసేపు కూర్చుండి, తనను వేధించు విషయములను కాగితము మీద వ్రాసి, మరునాటి పనులను నిర్ణయించుకొని ఆ కాగితమును మడిచి పెట్టవలెను. దేహమునందలి కండరములను ఒక్కొక్కటిగా బిగించి వదలుచు విశ్రాంతి పొందు పద్ధతిని కూడ ఇందు చేర్చిరి. దానిని చికాగో నగరమున ఎడ్మండ్ జాకబ్సన్ 1929వ సంవత్సరముననే పుస్తకరూపమున వివరించియుండెను.

ఈ పాఠములన్నియు కలిసిన చికిత్స నిద్రమాత్రలకంటె మేలైనదని వైద్యులు గ్రహించిరి. మాత్రలు కొలది దినములకు ఉపకరింపవచ్చును. కాని వానికి అలవాటుపడినవారు మానుట కష్టము. పాఠము నేర్చినవానికి అది నిలిచియుండును. పెద్దలలో దీర్ఘకాలపు నిద్రలేమికి మొదట ఈ పాఠములనే ప్రయోగింపవలెనని అమెరికాయందలి వైద్యుల సంఘమొకటి 2016వ సంవత్సరమున సలహా ఇచ్చెను. అయితే చిక్కొకటి కలదు. నిద్రలేమిచే బాధపడువారు లక్షలకొలది. ఈ పాఠములు చెప్పనేర్చినవారు కొలదిమంది. వారు పెద్ద నగరములయందే యుందురు. ఈ కొరతను తీర్చుటకే యంత్రము తోడు వచ్చినది.

బ్రిటన్ దేశమున పీటర్ హేమ్స్ అను యువకునకు నిద్ర చెడినప్పుడు, స్కాట్లండునందలి కోలిన్ ఎస్పీ అను ఆచార్యుడు వ్రాసిన పుస్తకమును చదివి, అందలి పాఠములను తానే ఆచరించి బాగుపడెను. పిమ్మట వారిరువురును కలిసి స్లీపియో అను కంప్యూటరు పాఠక్రమమును నిర్మించిరి. అందు బొమ్మగా గీయబడిన ఒక ఆచార్యుడు ఆరు పాఠములు చెప్పును. ఒక్కొక్కటి ఇరువది నిమిషముల పాఠము. ఆ ఆచార్యుని వెంట ఎల్లప్పుడు కునికిపాట్లు పడు కుక్క యొకటి యుండును. దాని పేరు పావ్లోవ్! విద్యార్థి ప్రతిదినము తాను ఎప్పుడు పరుండెనో, ఎంతసేపటికి నిద్ర పట్టెనో, ఎన్నిమారులు లేచెనో దినచర్యలో వ్రాయవలెను. యంత్రము ఆ లెక్కలు కట్టి, అతనికి తగిన నియమములను ఏర్పరచును. 2012వ సంవత్సరమున 164 మంది పెద్దలపై జరిపిన పరీక్ష ఫలితములు వెలువడెను. కొందరికి నిజమైన పాఠములు నేర్పిరి. మరికొందరికి చూచుటకు అట్లే యున్నను సారములేని పాఠములు నేర్పిరి. నిజమైన పాఠములు నేర్చినవారి నిద్రయే ఎక్కువ మెరుగుపడెను. కనుక మేలు చేసినది యంత్రపు వింత కాదు, అందలి విద్యయే యని తేలెను.

ఇంతకంటె గొప్ప ప్రశ్న మరియొకటి యుండెను. మనస్సు కలత చెందినవారికి నిద్ర చెడునని అందరును ఎరుగుదురు. నిద్ర చెడుటవలన కూడ మనస్సు కలత చెందునా? చెట్టు ముందా, విత్తు ముందా యను వాదమువలె ఇది చాలకాలము సాగెను. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమందలి డేనియల్ ఫ్రీమన్‌యు, ఆయన సహచరులును దీనిని పరీక్షింప బూనిరి. బ్రిటన్ దేశమున 26 విశ్వవిద్యాలయములనుండి నిద్రలేమిగల 3755 మంది విద్యార్థులు ఇందు చేరిరి. చీట్లు తీసినట్లుగా వారిని రెండు భాగములు చేసి, ఒక భాగమువారికి కంప్యూటరు పాఠములను ఇచ్చిరి. రెండవ భాగమువారికి అట్టివేమియు ఇయ్యలేదు. ఫలితములు 2017వ సంవత్సరమున వెలువడెను. పది వారములకు మొదటి భాగమువారి నిద్ర చాల మెరుగుపడెను. అంతియే కాదు, వారిలో దిగులును నిరుత్సాహమును తగ్గెను. ఇతరులు తమకు కీడు తలపెట్టుచున్నారను శంకలును, లేనివి ఉన్నట్లు తోచు భ్రమలును కొంతవరకు తగ్గెను. పాఠములలో ఆ శంకల మాట లేదు. అందున్నది నిద్ర మాత్రమే. నిద్రను చక్కబరచినంతనే మనస్సునకును మేలు కలిగినది. అనగా నిద్రలేమి మనోబాధకు ఫలము మాత్రమే కాదు, దానికి ఒక కారణము కూడ అని తేటపడెను.

ఈ పరీక్షయందు గమనింపదగిన విషయము మరియొకటి కలదు. పాఠములు ఇయ్యబడిన 1891 మందిలో ఒక్క పాఠమైనను తెరచి చూచినవారు నూటికి 69 మంది. రెండు పాఠములవరకు వచ్చినవారు సగము మంది. ఆరు పాఠములును ముగించినవారు నూటికి 18 మందియే. పాఠమునకు సొమ్ము చెల్లింపనక్కర లేదు, ఎక్కడికిని పోనక్కర లేదు. అయినను అయిదుగురిలో నలుగురు కడవరకు రాలేదు. యంత్రము విసుగు చెందదు, నడిరేయి పిలిచినను పలుకును. కాని అది చేయిపట్టి లేపజాలదు. చలిరాత్రి దుప్పటిని తొలగించి లేచి కూర్చుండుటయు, సెలవునాడును వేళకు లేచుటయు నేర్చువాడే చేయవలెను.

ఈ కొరతను తీర్చుటకు కొందరు యంత్రమునకు మనుష్యుని తోడు చేర్చిరి. నెదర్లాండ్స్ దేశమున 12 నుండి 19 ఏండ్ల వయస్సుగల 116 మంది బాలబాలికలపై జరిపిన పరీక్షాఫలితములు 2015వ సంవత్సరమున వెలువడెను. కొందరు ఆరేడుగురు కలిసి కూర్చుండి చికిత్సకుల యెదుట పాఠములు నేర్చిరి. కొందరు ఇంటనుండి కంప్యూటరు ద్వారా నేర్చిరి. వీరికి చికిత్సకులు జాబులవలె సలహాలు వ్రాసి పంపుచుండిరి. రెండు విధములవారును ఏ పాఠములు లేనివారికంటె బాగుపడిరి. రెండు మాసముల పిమ్మటను ఆ మేలు నిలిచియుండెను. ఆస్ట్రేలియా దేశమున సిడ్నీ నగరమందలి బ్లాక్ డాగ్ సంస్థవారు బడిపిల్లలకొరకు సెల్‌ఫోను పాఠములను నిర్మించిరి. అందు జపాను దేశపు నింజా యోధుడొకడు గురువు. పాఠము నేర్చి, కొన్ని రాత్రుల దినచర్యను వ్రాసినవానికి మల్లవిద్యయందువలె ఒక్కొక్క రంగు నడికట్టు లభించును. కడపటిది నల్లని నడికట్టు.

సెల్‌ఫోనే నిద్రను చెరచునని పెద్దలు చెప్పుచుండగా, అదియే నిద్రను నేర్పుట వింతగా తోచవచ్చును. ఇందు విరోధము లేదు. నిప్పు అన్నమును వండును, ఇంటిని కాల్చును. నడిరేయి పడకమీద వెలుగు చిమ్ముచు, ఒకదాని వెంట ఒకటిగా బొమ్మలు చూపు సెల్‌ఫోను శత్రువు. పగటివేళ ఇరువది నిమిషములు పాఠము చెప్పి మూతపడునది మిత్రము. రాత్రి దానిని పడకకు దూరముగా నుంచుట ఈ చికిత్సయందు మొదటి మెట్టు. అయితే పేరునకు మాత్రమే నిద్రపాఠములైనవియు అంగళ్ళయందు పెక్కు కలవు. పరీక్షలలో నిగ్గుతేలినవానినే పెద్దల అనుమతితో గైకొనవలెను. తన దినచర్య ఎవరి చేతికి పోవునో కూడ తెలిసికొనవలెను.

యంత్రము చాలని సందర్భములును కలవు. దిగులు నానాటికి పెరిగి, బ్రతుకుమీద విరక్తి కలిగినచో అది పాఠములతో తీరునది కాదు. అట్టి స్థితిలో తల్లిదండ్రులకో, ఉపాధ్యాయునకో వెంటనే చెప్పి వైద్యుని చూడవలెను. ఇంటివారికి చెప్పుటకు నోరు రానివారికొరకు భారత ప్రభుత్వము 2022వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన టెలిమానస్ అను సేవను ఆరంభించెను. 14416 అను సంఖ్యకు ఫోను చేసి, రాత్రియైనను పగలైనను తెలుగుభాషలోనే తన బాధను చెప్పుకొని, శిక్షణ పొందినవారి సలహా పొందవచ్చును. నిద్ర పట్టుటలేదని చెప్పుట సిగ్గుపడవలసిన విషయము కాదు. జ్వరము వచ్చినదని చెప్పుటవంటిదే అదియును.

వ్యాధి లేనివారికిని ఈ పాఠములనుండి గ్రహింపదగినది కలదు. దినదినము ఒకే వేళకు లేచుట, ఉదయపు వెలుతురున కొంతసేపు తిరుగుట, సాయంకాలము కాఫీ, టీలు మానుట, పడకను నిద్రకే విడిచిపెట్టుట, నిద్రను కోసి చదువునకు చేర్చు దురలవాటును వదలుట ఎవరైనను చేయదగిన పనులు. నిద్రను బలవంతముగా తెచ్చుట ఎవరి తరమును కాదు. అది వచ్చుటకు దారి సిద్ధము చేయుట మాత్రము నేర్చినవానికి సాధ్యము. నూటికి 18 మంది మాత్రమే కడముట్టించిన ఆ ఆరు పాఠముల సారము ఇంతియే.